తాడు తెగిన రోజు

మా మేనల్లుడికి జీపంటే ప్రాణం. పెళ్ళిచూపులకు కూడా జీపులోనే వెళ్ళాడు. ఆ రోజు ఆ అమ్మాయి మావాణ్ణి చూసి ఒప్పుకొన్నదో, జీపును చూసి ఒప్పుకొన్నదో నాకు తెలియదు గాని, ఇప్పుడు మాత్రం "నేనన్నా ఉండాలి, అదన్నా ఉండాలి బాబాయిగారూ" అంటుంది. ఇద్దరూ ఉన్నారు. సంసారమంటే అంతే కదా!

వాళ్ళ కాపురం జగ్గయ్యపేటలో. పొలం మాత్రం మా నందిగామ పక్కన, మున్నేటి ఒడ్డున. నడుమ ముప్ఫై కిలోమీటర్లకు మించదు గాని, నేల తీరు వేరు. అటు జగ్గయ్యపేట వైపు సున్నపురాయి. దాన్ని నమ్ముకొనే అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఇటు మా వైపు నల్లరేగడి. ఎండాకాలంలో పాదం పట్టేటంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగు చినుకులు పడితే చెప్పును పట్టుకొని వదలదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు సులువుగానే అన్నారు. అడుసులోనే పంట పండేవాడికి తొక్కక తప్పుతుందా?

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాము. నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్టప్రాంతమనే వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళు ఎక్కి, విజయవాడ-హైదరాబాదు రాకపోకలు ఆగిపోయిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ వరద తీసిన తరువాత చేలగట్ల మీద ఎక్కడి బండి అక్కడ దిగబడింది. అప్పుడే మావాడు జీపుకు వించి బిగించుకొన్నాడు.

వించి అంటే తెలియని అక్కయ్యలకు ఒక్క మాట. జీపు ముందు భాగాన ఒక చిన్న మోటారు, దానికొక డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన పొడుగాటి తాడు, తాడు చివర కొక్కెం. మీట నొక్కితే డ్రమ్ము తిరిగి తాడును చుట్టుకొంటుంది. కొక్కేన్ని చెట్టుకు తగిలిస్తే జీపు తనను తానే బురదలోంచి లాక్కొంటుంది. ఇంకో బండికి తగిలిస్తే దాన్ని లాగుతుంది. పూర్వం దిగబడిన బండికి రెండో జత ఎడ్లను కట్టి, పదిమంది చక్రాలు పట్టి "హైలెస్సా" అనేవారు. ఇప్పుడు ఆ పదిమంది పనీ ఒక తాడు చేస్తున్నది. అందుకనే ఆ తాడు సంగతి ఇంత వ్రాయవలసి వచ్చింది.

పత్తి తీతల రోజుల్లో, అకాల వాన వెలిసిన మర్నాడు, పత్తి బోరేలతో ఉన్న ట్రాక్టరు ట్రక్కు ఒకటి వాళ్ళ చేలో ఇరుసుదాకా దిగిపోయింది. మావాడు గట్టి గట్టు చూసి జీపు నిలిపి, తాడు వదిలి, కొక్కెం తగిలించి మీట నొక్కాడు. తాడు బిగిసింది. ట్రక్కు కదిలినట్టే కదిలి మళ్ళీ కూచుంది. ఇంకొంచెం లాగాడు. అంతే, తుపాకి పేలినట్టు చప్పుడు! తెగిన తాడు కొరడాలాగా వెనక్కు వచ్చి, జీపు దీపం పగలగొట్టి, పక్కనున్న తుమ్మకొమ్మను నరికి పారేసింది.

ఆ తుమ్మకొమ్మ కిందే, ఒక్క నిమిషం క్రితం వరకు, పత్తి తీసే ఒకామె కొడుకు నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళ వాడు. మోటారు తిరగడం చూడాలని వాడి సరదా. వాళ్ళమ్మ మంచినీళ్ళకోసం కేకేస్తే, విసుక్కొంటూ వెళ్ళాడట.

ఆ రాత్రి నాకు ఫోను చేసింది మేనల్లుడు కాదు, వాడి భార్య. "బాబాయిగారూ, మళ్ళీ తాడు కొంటానంటున్నారు. నేను ఒద్దన్నాను. మీరు వెళ్ళి చూసి, ఇది ఫరవాలేదని మీ నోటితో చెబితేనే ఆ వస్తువు ఇంటికి రావాలి" అన్నది. నేను బడిపంతులుగా చేసి విరమించినవాణ్ణి. నాకు తెలిసిన తాడు చేంతాడు ఒక్కటే. అయినా సరేనన్నాను.

మర్నాడు తెగిన తాడును మావాడు మా ఇంటి అరుగు మీద పరిచాడు. దాన్ని చూస్తుంటే మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. మా పెరటి బావి చేంతాడును ఆవిడ వారానికొకసారి వేళ్ళ మధ్య జార్చుకొంటూ చూసేది. గిలక మీద ఒరిసేచోట పురి వదులైతే తాడును తల్లకిందులు చేసి కట్టించేది. అప్పటికీ నలిగితే కోసి పశువులకు పలుపు చేయించేది. "తాడు తెగే ముందు చెబుతుందిరా, వినేవాడుండాలి" అనేది. ఈ ఇనుప తాడు కూడా చెప్పింది. ఒకచోట తీగలు ఉబ్బి పిచ్చుకగూడులాగా విచ్చుకొన్నాయి. ఇంకోచోట మెలిక పడి, దాన్ని బలవంతాన సాగదీసిన గుర్తు ఉన్నది. లోపలి పురి విప్పితే తుప్పు పొడిలా రాలింది. పైకి మాత్రం నిగనిగలాడుతున్నది.

"ఇవన్నీ ముందే ఉన్నాయట్రా?" అన్నాను.

"ఆ ఉబ్బు చూశాను మామయ్యా. ఈ పంట దాకా ఆగుతుందిలే అనుకొన్నాను" అన్నాడు తలవంచుకొని.

ఇక కొత్త తాడు వేట. ఒక కొట్టతను "అదే రకం ఇంకా లావుది వేయండి, జన్మలో తెగదు" అన్నాడు. ఇంకొకతను లారీలకు కట్టే నైలాను తాడు చూపించి "దీని బలం ముందు ఇనుమెంత?" అన్నాడు. మూడో అతను రంగురంగుల తాడు ఒకటి తీసి, విదేశీ సరుకన్నాడు. ముగ్గురి మాటా విన్నాక మాకు మిగిలింది తలనొప్పి. అప్పుడు దొనబండ క్వారీల్లో క్రేన్ల మీద చాలాకాలం పనిచేసిన ఒక పెద్ద మేస్త్రీగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మాకు చెప్పిందీ, తరువాత నేను చదివి సరిచూసుకొన్నదీ కలిపి మీకు చెబుతాను.

మొదటి సంగతి: లావు తాడు జవాబు కాదు. డ్రమ్ము కొలత ముందే నిర్ణయమై ఉంటుంది. దాని మీద లావు తాడు తక్కువ పొడుగే పడుతుంది; పైగా చిన్న డ్రమ్ముకు లావు ఇనుపతాడును వంచితే తీగలు త్వరగా అలిసి విరుగుతాయి. ముందు బండి బరువు చూసుకోవాలి. మనుషులు, సామాను అంతా కలిపి బండి రెండు టన్నులైతే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే మూడు టన్నులు లాగగల వించి ఉండాలని వాడుక. తాడు తెగే బరువు ఆ వించి లాగే బరువుకంటె తప్పకుండా ఎక్కువ ఉండాలి. లేకపోతే మోటారు ఆగిపోయే ముందే తాడు తెగుతుంది. మావాడి వించి ఎనిమిదివేల పౌన్లది, అంటే సుమారు 3,600 కిలోలు. ఎనిమిది మిల్లీమీటర్ల మంచి ఇనుపతాడు తెగే బరువు సుమారు నాలుగు టన్నులు. చూశారా, కొత్తదానికే వెసులుబాటు ఎంత స్వల్పమో! దానిలో నాలుగు తీగలు తుప్పుపడితే ఇంకేం మిగులుతుంది?

"క్రేను తాడుకు ఎత్తే బరువుకు నాలుగైదు రెట్ల బలం చూస్తాము మాస్టారూ. వించి తాడుకు అంత ఉండదు. అందుకే దానితో బరువు పైకి ఎత్తకూడదు, మనిషిని అసలే దింపకూడదు" అన్నారాయన. మా చుట్టుపక్కల పాడుబావుల్లో పూడిక తీయడానికి జీపు తెమ్మని అడిగేవాళ్ళున్నారు గనుక ఈ మాట గట్టిగా వ్రాస్తున్నాను.

రెండో సంగతి: వించి మీద వ్రాసిన బలం డ్రమ్ము మీద మొదటి వరుసకే వర్తిస్తుంది. తాడు ఒకదాని మీద ఒకటి నాలుగు వరుసలు చుట్టుకొని ఉంటే, పై వరుసతో లాగినప్పుడు ఆ బలం మూడో వంతు దాకా తగ్గవచ్చు. కాబట్టి అవసరానికి మించి పొడుగు తాడు కొనడం వల్ల లాభం లేదు. బరువు ఎక్కువైనప్పుడు నూతి గిలకలాంటి గిలక ఒకటి చెట్టుకు కట్టి, తాడును దాని మీదుగా తిప్పి తెచ్చి బండికే తగిలించాలి. అప్పుడు తాడు మీద పడే లాగుడు దాదాపు సగమవుతుంది. చెట్టు మీద మాత్రం రెండింతలు పడుతుంది. వేరు పట్టున్న చెట్టు చూసుకోవాలి. చెట్టుకు ఎప్పుడూ వెడల్పాటి పట్టా చుట్టి దానికే తగిలించాలి. తాడు నేరుగా చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు చస్తుంది. తాడును తన మీదికే తిప్పి కొక్కెం వేస్తే తాడు చస్తుంది. మావాడి తాడులో మెలిక వచ్చింది అలాగే.

మూడో సంగతి: నైలాను తాడు బాగా సాగుతుంది. సాగిన తాడు లోపల బలం దాచుకొంటుంది. తెగితే ఆ బలమంతా ఒక్కసారి బయటపడుతుంది. వించికి అది పనికిరాదు. ఆ కొట్టతను అబద్ధమాడలేదు, బలమైనదే. కాని మనకు కావలసిన బలం అది కాదు.

ఇక మిగిలినవి రెండు: ఇనుము, కొత్తరకం పోగు.

ఇనుప తీగల తాడును 1834లో జర్మనీ దేశపు హార్జ్ కొండల్లో, గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ తయారుచేశాడు. అంతకుముందు గనుల్లో గొలుసులు వాడేవారు. గొలుసులో ఒక్క లంకె తెగితే అంతా పోయినట్టే. తీగల తాడులో ఒక తీగ తెగినా మిగిలినవి పట్టుకొంటాయి. తెగిన తీగ పైకి పొడుచుకు వచ్చి హెచ్చరిస్తుంది. చూసేవాడికి ఇనుపతాడంత నిజాయితీగల వస్తువు లేదు. రాతిమీద ఒరిసినా ఓర్చుకొంటుంది, ఎండకు చలించదు, ధర తక్కువ. దోషాలేమంటే బరువు, తుప్పు, చేతిలో గుచ్చుకొనే తీగముక్కలు. అన్నిటికంటె పెద్ద దోషం, తెగినప్పుడు ఆ బరువంతా కొరడా కావడం.

కొత్తరకం పోగు మన ఇళ్ళల్లో సంచులకు వాడే పాలిథిలీను జాతిదే. దాని అణువులను మహా పొడుగ్గా పెంచి, ఒకే దిక్కుకు సాగదీసి తీసిన దారం. హాలండులో ఆల్బర్ట్ పెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1963లో ఈ దారికి పునాది వేశాడు. 1990 నుంచి డైనీమా అనే పేరుతో బజారుకు వచ్చింది. అదే బలానికి ఇనుములో ఏడో వంతు బరువైనా ఉండదు. మావాడి ఇరవైఎనిమిది మీటర్ల ఇనుపతాడు ఏడు కిలోలు తూగితే, కొత్తది కిలోన్నర తూగింది. నీళ్ళమీద తేలుతుంది. చేతికి గుచ్చుకోదు. సాగేది స్వల్పం, బరువు స్వల్పం గనుక తెగినా ఇనుములాగా విసిరి కొట్టదు. తెగినచోట పురులు విప్పి, ఒకదాని కడుపులో ఒకటి దూర్చి అల్లితే బలం చాలావరకు తిరిగి వస్తుంది. ముడి మాత్రం వేయకూడదు. ముడి దగ్గర ఈ పోగు జారుతుంది, సగం బలం పోతుంది.

ఇన్ని గుణాలున్న దానికి లోపం లేదనుకొన్నారా? దీనికి వేడి గిట్టదు. సుమారు నూటనలభైఅయిదు డిగ్రీల దగ్గర కరుగుతుంది. డెబ్భై దాటితేనే నీరసిస్తుంది. చాలా వించీలకు బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు వేలాడుతూ ఉండగా తాడు వదిలితే ఆ బ్రేకు కాలి, డ్రమ్మును ఆనుకొన్న వరుసను కాలుస్తుంది. ఇసుక రేణువులు పోగుల మధ్య దూరి కోస్తాయి. మా మున్నేటి ఇసుకకు అదెంత పని! రాతి అంచు తగిలితే కత్తి తగిలినట్టే. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే బలం తగ్గుతుంది. ధర ఇనుముకు కొన్ని రెట్లు. మాకు కొట్లో చూపించిన రంగు తాడు ఇదేనా అని మేస్త్రీగారు కొస వెలిగించి చూడలేదు, నలిపి చూడలేదు, "తెగే బరువు వ్రాసిన కాగితం ఏది?" అని ఒక్క ప్రశ్న వేశారు. కాగితం లేదు. రంగును చూసి మోసపోవద్దు సుమండీ! మామూలు ప్లాస్టిక్ తాళ్ళూ అదే రంగుల్లో వస్తాయి.

"మరి ఏది కొనమంటారు?" అన్నాడు మావాడు.

మేస్త్రీగారు చప్పున జవాబు చెప్పలేదు. "నువ్వు లాగేటప్పుడు చుట్టూ ఎవరుంటారు బాబూ?" అని అడిగారు.

మావాడు ఆలోచించి, "కూలీలు, పిల్లలు, దారినపోయేవాళ్ళు. మన ఊళ్ళో బండి దిగబడితే తిరునాళ్ళే కదండీ" అన్నాడు.

"క్వారీలోనైతే నేను ఇనుమే వేయిస్తాను. అక్కడ రాయి ఉంటుంది, ఈల వేస్తే మనుషులు తప్పుకొంటారు. నీ చేలో రాయి లేదు, బురదే. మనుషులు తప్పుకోరు. ఎంత లాగుతుందని చూసి తాడు కొనకు. తెగిన రోజున ఏం చేస్తుందో చూసి కొను."

నేను నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని ఇంత సూటిగా ఒక్కటీ చెప్పలేదు.

కాగితం ఉన్న పోగుతాడే తెప్పించాము. దాన్ని వేయడమూ ఒక పూటపని అయింది. పాత ఇనుపతాడు కోసిన గాట్లు డ్రమ్ము మీద ఉంటే ఆకురాయితో నున్నగా అరగదీయించాము. తాడు బయటికి వచ్చేచోట ఉన్న గరుకు రోలర్లు తీసి, నున్నని అల్యూమినియం ద్వారం బిగించాము. ఇది మానేసి తాడొక్కటే మారిస్తే డబ్బు మట్టిలో పోసినట్టే. తాడును వదులుగా చుట్టకూడదు. చిన్న ఎత్తు మీద జీపును నిలిపి, దాని బరువునే లాగిస్తూ వరుస పక్కన వరుస బిగువుగా చుట్టాలి. లేకపోతే పై వరుస కింది వరుసల్లోకి దూరి నలుగుతుంది. ఎంత దూరం వదిలినా డ్రమ్ము మీద పది చుట్లు మిగలాలి. ఇనుపతాడుకైతే అయిదు చాలు. బురదలో వాడిన రోజున మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఎండ తగలకుండా గుడ్డ కప్పాలి. పోగు కొంచెం నూగెత్తితే కంగారు పడనక్కరలేదు. ఒక పురి తెగినా, గాజులాగా మెరిసి గట్టిపడినా అక్కడికి కోసి అల్లుకోవలసిందే.

మొదటి పరీక్ష రోజున నన్ను చేలోకి తీసుకువెళ్ళారు. మా అమ్మాయి, అదే, మేనల్లుడి భార్య, తనూ బయలుదేరింది. చేతిలో రెండు వస్తువులు: ఒక పాత బొంత, ముగ్గుపిండి డబ్బా. బొంత ఎందుకో నాకు తెలుసు. బిగిసిన తాడు మధ్యన బరువైన బొంత వేస్తే, తెగినా కొస పైకి లేవకుండా అది కిందికి అణుస్తుంది. తాడు పోగుదైనా కొక్కెం ఇనుముదే కదా. ఊడి వస్తే అది రాయిలాగా వస్తుంది. ముగ్గుపిండి ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

తాడు ఎంత దూరం చాచారో అంత దూరం ఆమె అడుగులతో కొలిచి, ఇరువైపులా గట్టు మీద తెల్లని గీత గీసింది. "ఈ గీత లోపల ఎవరున్నా మీట నొక్కకూడదు. తాడు దాటకూడదు. అది వినేవాళ్ళుంటేనే ఈ జీపు మా ఇంట్లో ఉంటుంది" అన్నది.

ఆ పన్నెండేళ్ళవాడూ వచ్చాడు. గీత మీద సరిగ్గా బొటనవేళ్ళు ఆనించి నిలబడ్డాడు. మావాడు మీట మీద చెయ్యి పెట్టి వాడివంక చూశాడు. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు మోటారు తిరిగింది.

మీ ఇంట్లో జీపు లేకపోవచ్చు. కాని బావి తాడు ఉంటుంది, ఉయ్యాల తాడు ఉంటుంది, మేడ మీదికి బీరువా ఎక్కించడానికి పక్కింటి నుంచి తెచ్చిన తాడు ఉంటుంది. ఈ వారం దాన్ని ఒక్కసారి వేళ్ళ మధ్య జార్చి చూడండి. ఉబ్బు కనిపిస్తే "ఈ పంట దాకా ఆగుతుందిలే" అనుకోకండి. ఆ రోజు వాళ్ళమ్మ కేకేసింది గనుక సరిపోయింది.